పైడితల్లి కోడిపిల్లలు

కాళ్ళు ముడుచుకుని పడుకో. దుప్పటి తన్నకు. మధ్యలో లేచి కూర్చుంటే కథ అక్కడే ఆపేస్తాను, ముందే చెబుతున్నాను. ఇవాళ ఈ కథే ఎందుకు చెబుతున్నానో ఆఖర్న నువ్వే చెప్పాలి. అందాకా ఊఁ కొట్టడమే నీ పని.

అనగనగా ఒక ఊళ్ళో, ఏ వీధిలో నిలబడినా బెల్లం వాసనే వచ్చే ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. బెల్లం మార్కెట్టు వెనక సందులో ఆవిడకి పిండిమర ఉండేది.

వరహాలమ్మ మహా ఖండితమైన మనిషి. తెల్లారకముందే లేచేది. జొన్నలు ఆడాక మర దులపకుండా రాగులు పోసేది కాదు. ఎవరి పిండి వాళ్ళకి పిడికెడు తగ్గకుండా ఇచ్చేది. వరస తప్పి ముందుకొస్తే ఎంత గొప్పింటి వాళ్ళనైనా వెనక్కి పంపేది. గురువారం వస్తే ఉపవాసం. దీపాలు పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేది కాదు.

ఆ ఊళ్ళో చెరుకు ఆడే రోజుల్లో అందరికీ పని ఉంటుంది. మగవాళ్ళు బెల్లం దిమ్మలు మోస్తారు. ఆడవాళ్ళు దిమ్మలకి గోనెలు చుట్టి కుడతారు. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి. చెరుకు అయిపోతుంది. మార్కెట్టుకి తాళం పడుతుంది. అప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యి వెలగదు.

అలాంటి ఒక ఎండాకాలం పైడితల్లి అనే ఆవిడ పిండిమర దగ్గరికి వచ్చింది. గోనెలు కుట్టే మనిషి. చేతులు రెండూ పగుళ్ళు. గుమ్మం బయటే నిలబడింది.

"వరహాలమ్మా, మర కింద రాలిన పిండి తుడిచి పారేస్తావు గదా. నాకు కాస్త ఇప్పించు. మా కోడిపిల్లలకి."

వరహాలమ్మ చేట నిండా ఎత్తి ఇచ్చింది. పైడితల్లి కొంగులో మూట కట్టుకుని వెళ్ళిపోయింది. అప్పుడు వరహాలమ్మకి ఒక సంగతి తట్టింది. పైడితల్లి వాకిలి ముందునుంచే తను రోజూ నడిచి వస్తుంది. ఆ వాకిట్లో పుంజు లేదు, పెట్ట లేదు, పిల్లా లేదు. ఏనాడూ కోడి కూత వినలేదు.

ఆ పూట అన్నం ముందు కూర్చుంటే వరహాలమ్మకి ముద్ద దిగలేదు. ఆకలేస్తోందని చెప్పలేక లేని కోళ్ళని పుట్టించుకోవలసి వచ్చిందే ఒక మనిషికి, అనుకుంది. ఇది సహించకూడదు అనుకుంది. అనుకున్నాక ఊరుకునే మనిషి కాదు. గురువారం ఎలాగూ నాకు భోజనం లేదు, ఆ రోజు మర ఆపేసి ఊళ్ళో ఆకలన్నవాళ్ళకి వండి పెడతాను, అని గట్టిగా నిశ్చయించుకుంది.

మార్కెట్టు వీధిలో ఒక కొట్టు ఖాళీగా ఉంది. దాని యజమానిని అడిగి తాళంచెవి పుచ్చుకుంది. కడిగింది, సున్నం వేయించింది, చాపలు పరిచింది. మొదటి గురువారం తనే వండింది, తనే వడ్డించింది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఆకు ఖాళీ అయితే వేసేది, మళ్ళీ ఖాళీ అయితే మళ్ళీ వేసేది. వచ్చినవాళ్ళు తలొంచుకుని తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. అన్నం వండిన గుండిగలో మెతుకు మిగిలేది కాదు.

మంచి పని చేస్తుంటే మనుషులు వచ్చి కలుస్తారు. మొదట సూరప్పడు వచ్చాడు. పెళ్ళిళ్ళలో వంట చేసేవాడు. గురువారం పెళ్ళి లేకపోతే నా గరిటె నీదే అత్తా, అన్నాడు. ఆ తర్వాత రాజారావు వచ్చాడు. బస్సు కండక్టరుగా పనిచేసి మానేసిన మనిషి. ఊరికే కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయక్కా, వడ్డిస్తాను, అన్నాడు. ఆ తర్వాత బియ్యం మిల్లు సింహాద్రి గారు కబురు పెట్టాడు. వారం వారం బియ్యం నేను పంపుతాను, నా పేరు ఎక్కడా రాయక్కర్లేదు, అన్నాడు. కూరగాయలు కొట్లవాళ్ళు ఇచ్చారు. మజ్జిగ పాలకేంద్రం నుంచి వచ్చేది.

వింటున్నావా? ఊఁ అను.

మనుషులు పెరిగేసరికి వరహాలమ్మ వడ్డన మానేసి గుమ్మం దగ్గర నిలబడి అజమాయిషీ చేసేది. ఒక గురువారం ఎత్తేసిన విస్తళ్ళ గుట్టలో తెల్లగా అన్నం కనపడింది. ఎవరో తిన్నంత తిని వదిలేశారు. వరహాలమ్మకి ఒళ్ళు మండింది. అన్నం పారేస్తే ఆవిడకి చెంప మీద కొట్టినట్టుండేది.

అప్పుడు అందరినీ పిలిచి చెప్పింది. "ఈ రోజునుంచి అడక్కుండా ఎవరి ఆకులోనూ మారు వెయ్యకండి. కావాలా అని అడగండి. కావాలంటేనే వెయ్యండి. వద్దంటే ముందుకి పదండి."

మాట బాగానే ఉంది కదూ? తప్పేముంది అందులో? నువ్వూ అదే అనుకుంటున్నావు. వరహాలమ్మా అదే అనుకుంది.

ఆ రోజునుంచి విస్తళ్ళన్నీ కడిగినట్టు శుభ్రంగా వచ్చాయి. వరహాలమ్మకి గర్వంగా ఉండేది. కానీ గుండిగలో అన్నం మిగలడం మొదలైంది. ముందు అడుగున కాస్త. ఆ తర్వాత పావు. మరుసటి ఏడు ఎండలు ముదిరి, మార్కెట్టు మూసి, నిజంగా పని లేని రోజులు వచ్చేసరికి ఇంకా ఎక్కువ మిగిలింది. మిగిలింది పశువుల కుడితిలో పోశారు.

ఒకనాడు సింహాద్రి గారు అటువైపు వచ్చి గుండిగలోకి తొంగి చూశాడు.

"వరహాలమ్మ గారూ, ఇదంతా ఎవరికి?"

"మిగిలింది బాబూ. గేదెలకి పోస్తున్నాం."

సింహాద్రి గారు గరిటెతో అన్నం ఒకసారి కదిపి చూశాడు. ఆ తర్వాత మెల్లిగా అన్నాడు. "నేను పిసినారిని కాను. మీకు తెలుసు. నా బియ్యం ఆకలున్న చోటికి పోవాలి. ఈ ఊళ్ళో ఆకలి తీరిపోయినట్టుంది. మూడు గురువారాలు చూస్తాను. ఇలాగే మిగిలితే ఏటవతల ఊరికి పంపుకుంటాను."

వరహాలమ్మ గుండిగ మీద మూత పెట్టింది. అన్నం వృథా చెయ్యకూడదన్నది తన మాటే. ఆ మాటే తిరిగొచ్చి తన గుమ్మంలో నిలబడింది. బియ్యం ఆగితే కొట్టుకి తాళం పడుతుంది. పైడితల్లి మళ్ళీ కొంగు పట్టుకుని మర దగ్గరికి వస్తుందేమో. ఆ తలపే ఆవిడకి భరించరానిదైంది. ఈ భోజనాల బంతి ఆగకూడదు, నేను ఆగనివ్వను, అనుకుంది.

మొదటి గురువారం బియ్యం బాగా లేదేమో అనుకుంది. కొత్త బియ్యం ముద్దవుతుందని పాత బియ్యం అడిగి తెప్పించింది. తనే కూర్చుని రాళ్ళు ఏరింది. అన్నం మల్లెపువ్వుల్లా విచ్చుకుంది. జనం వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. గుండిగలో అన్నం మిగిలింది.

రెండో గురువారం కూర బాగా లేదేమో అనుకుంది. సూరప్పడికి పౌరుషం వచ్చింది. "నా కూరకి వంక పెట్టినవాడు ఈ తాలూకాలో లేడత్తా" అన్నాడు. పొద్దున్నే పనసకాయ కొట్టించి, ఆవపెట్టి పనసపొట్టు కూర చేశాడు. ఆ ఘాటుకి వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. జనం వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. గుండిగలో అన్నం మిగిలింది.

సూరప్పడు గరిటె కింద పడేశాడు.

"అన్నం బాగుంది. కూర బాగుంది. ఇంకేటి చెయ్యాలి? అత్తా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఈ బంతిలో నువ్వు ఏనాడైనా కూర్చున్నావా?"

"గురువారం నాకు ఉపవాసం. నీకు తెలీదూ?"

"తెలుసు. తినని మనిషికి తినేవాళ్ళ కష్టం ఎలాగ తెలుస్తుంది అంటున్నాను. మా పెళ్ళి వంటల్లో అయితే పెళ్ళికూతురి తండ్రి కూడా ఆఖరి బంతిలో కూర్చుని చూస్తాడు."

వరహాలమ్మ వాడికేసి ఉరిమి చూసింది. కానీ మాట తగలవలసిన చోట తగిలింది. ఎన్నో ఏళ్ళ ఉపవాసం. జ్వరం వచ్చినా తప్పలేదు. దాన్ని భంగం చెయ్యాలంటే ఆవిడకి ప్రాణం మీదికి వచ్చినంత పనైంది. వారమంతా మర తిప్పుతూ ఆలోచించింది. చివరికి ఒక నిశ్చయానికి వచ్చింది. నా నోములో నాకు పుణ్యం వస్తుందేమో గానీ, దాని వల్ల నేను ఒక పక్కనుంచే చూస్తున్నాను. చూడవలసిన పక్క ఇంకోటి ఉంది.

మూడో గురువారం వచ్చింది. సింహాద్రి గారు వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. అప్పుడు వరహాలమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, బంతి చివర, పైడితల్లి పక్కన కూర్చుంది.

రాజారావు చూసి తెల్లబోయాడు. "అక్కా, ఇవాళ గురువారం."

"నాకు తెలుసు. ఆకు వెయ్యి."

అన్నం వేశారు. పప్పు వేశారు. కూర వేశారు. వరహాలమ్మ ముందురోజు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. పరీక్షగా ఉండాలని కావాలనే ఒక రోజు ముందునుంచే మానేసింది. మొదటి వడ్డన ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. ఆకు ఖాళీ. కడుపు ఇంకా అడుగుతోంది. మారు అడిగి వేయించుకోవాలి, అనుకుంది.

అప్పుడు రాజారావు అన్నం బేసిన్ చంకన పెట్టుకుని వచ్చాడు. పాతికేళ్ళు బస్సులో టికెట్, టికెట్ అని తిరిగిన మనిషి. అదే వేగం. "కావాలా? కావాలా? కావాలా?" అనుకుంటూ వస్తున్నాడు. ఒక్కొక్కరి దగ్గరా చెయ్యి ఆకు మీదికి అడ్డం వస్తోంది. చాలు బాబూ. చాలు. సాలు బావూ.

వచ్చి వరహాలమ్మ ముందు వంగాడు. "కావాలా అక్కా?"

పక్కవాళ్ళ కళ్ళు ఇటు తిరిగాయి. ఎదర వరసలో వాళ్ళు తలెత్తారు. అందరూ చాలన్నారు. తను ఒక్కతీ కావాలనాలి. రాజారావు వంగి నిలబడి ఉన్నాడు, కాళ్ళు ముందుకి పోవడానికి తొందరపడుతున్నాయి.

వరహాలమ్మ చెయ్యి దానంతట అదే ఆకు మీదికి వెళ్ళింది. నోరు దానంతట అదే అంది. "చాలు రాజారావూ."

రాజారావు ముందుకి వెళ్ళిపోయాడు.

వరహాలమ్మ తన చేతికేసి చూసుకుంది. ఆ చెయ్యి అబద్ధమాడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అబద్ధమాడని మనిషి, తన అన్నం ముందు, తన డబ్బుతో మొదలైన బంతిలో కూర్చుని, ఆకలిగా ఉండి, చాలు అంది. ఊరి పిండిమర యజమానురాలికే నోరు రాలేదు. ఇంక పని లేక వచ్చి కూర్చున్నవాళ్ళకి ఎలా వస్తుంది?

పక్కకి చూసింది. పైడితల్లి చెయ్యి కూడా ఆకు మీదే ఉంది. పగుళ్ళ చెయ్యి. ఆ చెయ్యి తియ్యకుండా, ఆకు అంచున అంటుకున్న ఒక్క మెతుకుని చిటికెనవేలితో దగ్గరికి లాక్కుంటోంది.

అప్పుడు వరహాలమ్మ గొంతు తగ్గించి అడిగింది. "పైడితల్లీ, నీ కోడిపిల్లలు బాగున్నాయా?"

పైడితల్లి ఉలిక్కిపడింది. తలెత్తి వరహాలమ్మ కళ్ళలోకి చూసింది. ఎగతాళి ఉందేమోనని వెతికింది. లేదు. అప్పుడు మెల్లిగా నవ్వింది.

"ఉన్నాయమ్మా. ఇంకా తిండి సాలక కూత్తానే ఉన్నాయి."

వరహాలమ్మ తలెత్తి గట్టిగా పిలిచింది. కొట్టంతా వినపడింది.

"రాజారావూ, వెనక్కి రా. నా ఆకులో అన్నం వెయ్యి."

"ఇప్పుడే కదక్కా చాలన్నావు."

"అన్నాను. అబద్ధం చెప్పాను. నాకు ఆకలిగా ఉంది. వెయ్యి."

ఎవరో కిసుక్కుమన్నారు. రాజారావు బెదురుతూ వచ్చి వేశాడు. వరహాలమ్మ ఆకు ముందునుంచి లేవలేదు. బంతి మధ్యలో లేవకూడదు. కూర్చునే అందరికీ వినపడేలా చెప్పింది.

"అడిగి వెయ్యమన్నది నేనే. తప్పు చెప్పాను. అన్నం దగ్గర కావాలా అని అడిగితే మర్యాదస్తుడు వద్దంటాడు. వద్దనిపించేది మనమే, తర్వాత మిగిలిందనేదీ మనమే. ఇంక అడక్కు. కొంచెం కొంచెంగా వెయ్యి, మళ్ళీ మళ్ళీ వెయ్యి. అప్పుడు పారేసేదీ ఉండదు. మొదటిసారి చెయ్యి అడ్డం పెడితే అది మర్యాద, ఆగకు. రెండోసారి పెడితే అది మొహమాటం, ఆగకు. మూడోసారి పెడితే అప్పుడు ఆగు. అది కడుపు చెప్పిన మాట."

సూరప్పడు వంట వదిలేసి తనే ఒక బేసిన్ పట్టుకుని వచ్చాడు. మొదటి ఆకు దగ్గర చెయ్యి అడ్డం వచ్చింది. వేళ్ళ మీద నుంచే వేశాడు. "చెయ్యి తియ్యి బాబాయ్, కాలుద్ది" అన్నాడు. ముసలాయన నవ్వి చెయ్యి తీశాడు. ఆ పక్కన ఒకావిడ తియ్యకముందే పక్కనున్న మనిషి అన్నాడు, "తీసెయ్యి వదినా, పిండిమరమ్మే పెట్టించుకుంది, మనకేటి సిగ్గు." బంతంతా నవ్వింది. అంతవరకూ తలలు దించుకుని తినేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ తిన్నారు.

పైడితల్లి ఆకులో వేశాడు. చెయ్యి పెట్టింది. వేశాడు. కాసేపాగి వచ్చాడు. చెయ్యి పెట్టింది, ఈసారి కాస్త ఆలస్యంగా. వేశాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి పైడితల్లి రెండు చేతులూ ఆకు మీద కప్పేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. సూరప్పడు ఆగాడు.

గోడ పక్కన సింహాద్రి గారు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. వరహాలమ్మ అతనికేసి తిరిగింది.

"బాబూ, కూర్చోండి."

"వద్దు వరహాలమ్మ గారూ, నేను ఇంట్లో తినే వచ్చాను."

"రాజారావూ, సింహాద్రి గారికి ఆకు వెయ్యి."

అందరూ పగలబడి నవ్వారు. సింహాద్రి గారు నిలబడలేక, వెళ్ళలేక, చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు. మొదట చెయ్యి అడ్డం పెట్టాడు. రెండోసారి కూడా పెట్టాడు. మూడోసారి పెట్టడం మర్చిపోయాడు. పనసపొట్టు కూర అడిగాడు. అది పోయిన వారం కూర అని సూరప్పడు చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఆఖర్న గుండిగ వంచితే అడుగున మాడు తప్ప ఏమీ లేదు. సూరప్పడూ, రాజారావూ ఆ మాడు గోకి మజ్జిగ పోసుకుని తిన్నారు. వాళ్ళకి ఆ పూట అంతే దక్కింది. ఒక్కళ్ళూ సణగలేదు. ఎత్తేసిన విస్తళ్ళు వరహాలమ్మ తనే వెళ్ళి చూసింది. ఒక్క మెతుకు లేదు.

సింహాద్రి గారు చెయ్యి కడుక్కుని వచ్చి గుండిగలోకి చూశాడు. "బియ్యం చాలలేదు. వచ్చే వారం ఇంకో బస్తా పంపుతాను" అన్నాడు.

ఆ తర్వాత వరహాలమ్మ ఉపవాసం శుక్రవారానికి మార్చుకుంది. గురువారం ఆఖరి బంతిలో కూర్చుని తినేది. తనకి కూడా మూడుసార్లు వెయ్యాలి, అది నియమం. కొత్తగా వడ్డించడానికి ఎవరొచ్చినా సరే, మొదటి రోజు అన్నం వడ్డించే హస్తం చేతికి ఇచ్చేది కాదు. ముందు ఆకు ముందు కూర్చోబెట్టేది.

మళ్ళీ చెరుకు రోజులు వచ్చాయి. మార్కెట్టు తెరిచారు. ఒకరోజు పొద్దున్న పైడితల్లి పిండిమర దగ్గరికి వచ్చింది. ఈసారి గుమ్మం బయట నిలబడలేదు, లోపలికే వచ్చింది. కొంగు విప్పింది. అందులో రెండు పసుపుపచ్చ కోడిపిల్లలు, నిజం కోడిపిల్లలు, కిచకిచమంటున్నాయి.

"ఒకటి నీకు" అంది పైడితల్లి. "కావాలా అని అడగను. పట్టుకో."

వరహాలమ్మ పట్టుకుంది.

అయిపోయింది. ఇప్పుడు చెప్పు, ఈ కథ ఎందుకు చెప్పాను? పొద్దున్న పక్కింటి పిల్ల వచ్చినప్పుడు నీ చేతిలో రెండు కొబ్బరుండలున్నాయి. కావాలా అని అడిగావు. అది వద్దంది. నువ్వు రెండూ తినేశావు. నేను చూడలేదనుకున్నావా? ఏడవక్కర్లేదు. ఏడిస్తే దిద్దుకున్నట్టు కాదు. గూట్లో ఇంకో రెండు పెట్టాను. రేపు దాని చెయ్యి చాపించి, అందులో ఒకటి పెట్టేసి రా. ఏమీ అడక్కు. సరేనా? ఊఁ, పడుకో.

కథేమో కంచికి, మనమేమో మంచానికి,
గరిటేమో గోడకి, గుండిగేమో మూలకి.
అడిగితే ఆకలి దాక్కుంది,
అడక్కపోతే ఆకు నిండింది.
కోడిపిల్ల గూటికి, కొబ్బరుండ పక్కింటికి,
కన్నేమో మూతకి, నిద్రేమో నీ చెంతకి.